ఒంటరితనం, ఆయుర్దాయం, ప్రజారోగ్యం

(స్మారకోపన్యాస పాఠం)

మనిషి కోరుకునే అనుబంధాలకూ అతనికి నిజంగా ఉన్న అనుబంధాలకూ మధ్య ఎడం పెరిగినప్పుడు కలిగే బాధను మనస్తత్వశాస్త్రం ఒంటరితనం అంటుంది. 1980ల తొలినాళ్లలో డేనియల్ పెర్ల్‌మన్, లెటీషియా ఆన్ పెప్లౌ స్థిరపరచిన ఈ నిర్వచనంలో చుట్టూ ఎందరున్నారన్న లెక్క లేదు. ఊరంత బలగం ఉన్నవారికీ ఈ బాధ ఉండవచ్చు. ఒకే ఒక్క స్నేహితుడితో, పెరట్లో నాలుగు మొక్కలతో హాయిగా రోజులు గడిపేవారికి అసలు లేకపోవచ్చు. అందుకే ప్రజారోగ్య చర్చలో మూడు స్థితులను విడదీసి చూడాలి. ఏకాంతం మనిషి కోరి తెచ్చుకునేది. రాసుకునేవారికీ, ధ్యానం చేసుకునేవారికీ అది అవసరం. ఏకాకితనం బయటినుంచి లెక్కపెట్టగలిగేది: ఇంట్లో ఎందరు, వారంలో ఎందరితో మాట, కష్టం వస్తే కబురు పంపడానికి ఎవరున్నారు. ఒంటరితనం లోపలి అనుభవం. అడిగితే తప్ప తెలియదు, అడిగినా వెంటనే బయటపడదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో వెలువరించిన గ్రంథంలో దీన్ని మళ్లీ రెండుగా విభజించాడు. మనసు విప్పి చెప్పుకునే ఆప్తులు లేకపోవడం మొదటిది. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి, భార్య పోయిన పురుషుడికి కలిగేది ఇదే. పదిమందిలో తానూ ఒకరిననే భావం లేకపోవడం రెండోది. బదిలీ మీద తెలియని ఊరికి వచ్చినవారికి, పెళ్లయి కొత్త ఇంట అడుగుపెట్టిన అమ్మాయికి కలిగేది ఇది. ఒకదాని లోటును మరొకటి తీర్చలేదని వైస్ గట్టిగా చెప్పాడు. భర్త పోయిన ఆమెను భజన బృందంలో చేర్చినంత మాత్రాన ఆ వెలితి నిండదు. కొత్త ఊళ్లో బిక్కుబిక్కుమంటూ గడిపే భార్యకు, భర్త ఎంత ప్రేమగా చూసుకున్నా ఇరుగుపొరుగు లేని లోటు తీరదు. వృద్ధుల కోసం, విద్యార్థుల కోసం పథకాలు వేసేవారు తరచూ మరచిపోయేది ఈ తేడానే. అందరికీ కలిపి ఒక వినోద కార్యక్రమం పెట్టి పని అయిపోయిందనుకుంటారు.

కొలవలేనిదాన్ని ప్రజారోగ్య రంగం పట్టించుకోదు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1978లో 20 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. ఫోన్‌లో చేసే పెద్ద సర్వేలకు వీలుగా 2004లో దాన్ని మూడు ప్రశ్నలకు కుదించారు. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది? తనను పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరమైపోయినట్టు ఎంత తరచుగా అనిపిస్తుంది? ఒక్కో జవాబుకు ఒకటి నుంచి మూడు మార్కులు. మొత్తం మూడు నుంచి తొమ్మిది. ఈ ప్రశ్నల్లో ఒంటరితనం అన్న మాట ఎక్కడా కనిపించదు. తాను ఒంటరినని ఒప్పుకోవడానికి మనిషి సిగ్గుపడతాడు కాబట్టి నేరుగా అడిగితే నిజం బయటికి రాదు.

తెలుగు ఇళ్లలో ఈ సిగ్గుకు పిల్లల పరువు కూడా తోడవుతుంది. నలుగురు బిడ్డలున్న తల్లి, పలకరించే దిక్కు లేదని పైకి అంటే బిడ్డలకు చెడ్డపేరు వస్తుందని నోరు మెదపదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి ఆమె చెప్పేవి వేరే: నిద్ర పట్టడం లేదు, అన్నం సయించడం లేదు, కాళ్లు పీకుతున్నాయి, గుండె దడగా ఉంటోంది, ఏమీ తోచడం లేదు, పొద్దు పోవడం లేదు. బీపీ చూసి మాత్రలు రాసిస్తారు. నెల తిరక్కముందే ఆమె మళ్లీ వస్తుంది. ఓపీ వరుసలో పక్కన కూర్చున్నవారితో పడే నాలుగు మాటలే కొందరికి ఆ వారం మొత్తానికి దొరికే కబుర్లు. ఈ చివరి మాటలను, తోచకపోవడాన్నీ పొద్దుపోకపోవడాన్నీ, రోగ లక్షణాలుగా రాసుకునే గడి ఏ ఓపీ చీటీలోనూ లేదు.

ఇది బాధే గాని జబ్బు ఎలా అవుతుందన్న ప్రశ్నకు జవాబు 1979 నుంచి పోగవుతూ వచ్చింది. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965లో నమోదు చేసిన 6,928 మందిని తొమ్మిదేళ్ల పాటు గమనించిన లిసా బర్క్‌మన్, లెనార్డ్ సైమ్ అనే పరిశోధకులు 1979లో తమ ఫలితాలు ప్రచురించారు. పెళ్లి, బంధుమిత్రులు, ప్రార్థనాలయం, సంఘ సభ్యత్వం వంటి బంధాలు బాగా తక్కువగా ఉన్నవారు, అవి మెండుగా ఉన్నవారికంటే రెండు రెట్లకు మించి చనిపోయారు. పొగ తాగడం, మద్యం, బరువు, మొదట్లో ఉన్న ఆరోగ్యం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా చెరగలేదు. ఆ తర్వాత 1997లో షెల్డన్ కోహెన్ బృందం ఇంకో దారి తొక్కింది. ఆరోగ్యంగా ఉండి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 276 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి చూసింది. తల్లిదండ్రులు, స్నేహితులు, తోటి ఉద్యోగులు, సంఘ సభ్యులు ఇలా ఆరు రకాల బంధాలో అంతకు మించో ఉన్నవారితో పోలిస్తే, మూడు రకాలకు మించి లేనివారికి జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది.

జూలియన్ హోల్ట్ లున్‌స్టాడ్, ఆమె సహచరులు 2010లో 148 అధ్యయనాలను, వాటిలోని మూడు లక్షల ఎనిమిది వేల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని కలిపి చూశారు. బలమైన అనుబంధాలున్నవారు ఆ గమనించిన కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా కనిపించింది. ఒంటరితనం రోజుకు 15 సిగరెట్లతో సమానమని పత్రికల్లో తరచూ కనిపించే మాట ఇక్కడినుంచి పుట్టిందే. ఆ మాటను జాగ్రత్తగా వాడాలి. ఆ పోలిక అనుబంధాల లేమికి మొత్తంగా వర్తించేది; ఒంటరితనం అనే ఒక్క భావనకు కాదు. అదే బృందం 2015లో 70 అధ్యయనాలతో విడివిడిగా లెక్కవేసినప్పుడు అకాల మరణ ప్రమాదం ఏకాకితనం వల్ల 29 శాతం, ఒంటరితనం వల్ల 26 శాతం, ఒక్కరే నివసించడం వల్ల 32 శాతం పెరుగుతోందని తేలింది. జబ్బుపడినవారే క్రమంగా నలుగురికీ దూరమవుతారన్నదీ నిజమే కనుక ఈ లెక్కల్లో కొంత భాగం తలకిందుల సంబంధం కూడా ఉంటుంది. ఆ భాగాన్ని తీసేసినా మిగిలేది చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక అనుబంధాల కమిషన్ 2025 జూన్ 30న ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8,71,000 మరణాలకు దీనితో సంబంధం ఉంది. అంటే గంటకు దాదాపు వందమంది.

శరీరంలో ఏం జరుగుతుందో వివరించడానికి ఎక్కువగా పాటుపడినవాడు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కసియప్పో. ఆకలి, దప్పిక ఎలాంటి సంకేతాలో ఒంటరితనమూ అలాంటిదేనని ఆయన వాదన. గుంపుగా బతికిన ఆదిమ మానవుడు గుంపు తప్పితే ప్రాణానికే ముప్పు కాబట్టి, తిరిగి మందలో కలవమని శరీరం చేసే హెచ్చరిక అది. కొద్దికాలం ఉంటే మేలు చేస్తుంది. నెలల తరబడి తీరకపోతే మెదడు నిరంతరం కాపలా కాయడం మొదలుపెడుతుంది. ఎదుటివారి ముఖంలో చిరాకు ముందుగా కనిపిస్తుంది, మామూలు మాటలో నిష్ఠూరం వినిపిస్తుంది. అలాంటి మనిషి ముభావంగా మారతాడు, చుట్టూ ఉన్నవారు ఇంకాస్త తప్పుకుంటారు. రక్తపోటు పెరుగుతుంది, వాపును కలిగించే ప్రక్రియలు శరీరంలో ఎక్కువవుతాయి, నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. అమెరికాలోని దక్షిణ డకోటాలో హట్టరైట్లనే మత సమాజం ఉంది. ఆస్తులు, భోజనం, పని అన్నీ ఉమ్మడి. అక్కడ ఒక్కరే బతికేవారంటూ ఉండరు. ఆ సమాజంలో 95 మంది మణికట్టుకు కదలికలు నమోదు చేసే పరికరం కట్టి చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. ఒంటరితనం ఎక్కువగా ఉందన్నవారి నిద్రే ఎక్కువసార్లు చెదిరింది. ఉమ్మడి కుటుంబం ఉంటే చాలు, ఈ సమస్య రాదని నమ్మేవారు ఈ చిన్న అధ్యయనాన్ని తప్పక చదవాలి.

ఇంతవరకూ చూసింది ఒక్కొక్క మనిషి కథ. ప్రజారోగ్యం అడగవలసింది ఇంకో ప్రశ్న: ఒకే రకమైన మనుషులు ఒక పేటలో ఎక్కువగా, మరో పేటలో తక్కువగా ఎందుకు చనిపోతారు? దానికి 1995 జూలైలో షికాగో నగరం ఇచ్చినంత స్పష్టమైన జవాబు మరెక్కడా దొరకదు. ఆ నెల 13న అక్కడ ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరింది. వారం రోజుల్లో మామూలుకంటే 739 మంది అదనంగా చనిపోయారు. శవాలను ఉంచడానికి ఫ్రీజర్ లారీలు తెప్పించవలసి వచ్చింది. చనిపోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, పేదలు; చాలామంది తలుపులు, కిటికీలు బిగించుకున్న గదుల్లో దొరికారు. దొంగల భయంతో ఆ ఎండలోనూ కిటికీలు తెరవలేదు. తర్వాత జరిగిన వైద్య అధ్యయనంలో ఒక్కరే నివసించడం, రోజూ ఇల్లు దాటి బయటికి వెళ్లకపోవడం మరణ ప్రమాదాన్ని పెంచాయని, రాకపోకలు ఉన్నవారికి ఆ ప్రమాదం తగ్గిందని తేలింది.

ఎరిక్ క్లీనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ నగరంలోనే పక్కపక్కన ఉన్న రెండు పేటలను పోల్చి 2002లో ఒక గ్రంథం ప్రచురించాడు. నార్త్ లాండేల్‌లోనూ సౌత్ లాండేల్‌లోనూ పేదరికం, ఒక్కరే ఉండే వృద్ధుల సంఖ్య దాదాపు ఒకేలా ఉన్నాయి. అయినా నార్త్ లాండేల్‌లో లక్ష జనాభాకు 40 మంది చనిపోతే, సౌత్ లాండేల్‌లో నలుగురు కూడా చనిపోలేదు. తేడా వీధుల్లో ఉందని అతను చూపించాడు. మొదటి పేటలో కర్మాగారాలు మూతపడి, జనం వెళ్లిపోయి, పాడుబడిన ఇళ్లు, ఖాళీ స్థలాలు మిగిలాయి. దుకాణాలు లేవు, నడిచి వెళ్లే చోటు లేదు. రెండో పేటలో వీధి పొడుగునా దుకాణాలు, తినుబండారాల బళ్లు, చర్చీలు, పిల్లలు, సందడి. అక్కడి ముసలివారు ఎండ భరించలేక చల్లటి దుకాణంలోకి నడిచి వెళ్లగలిగారు. రానివారి కోసం ఎవరో ఒకరు తలుపు తట్టారు. ఆ గ్రంథంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్కరే ఉండే వృద్ధుల్లో స్త్రీలే ఎక్కువైనా, చనిపోయే ప్రమాదం వృద్ధ పురుషులకు రెండు రెట్లకు పైగా ఉంది. స్త్రీలు ఏదో ఒక పలకరింపును నిలబెట్టుకోగలిగారు. పని పోయాక, భార్య పోయాక పురుషులకు ఆ దారులు మూసుకుపోయాయి.

షికాగో ఆ చావులనుంచి నేర్చుకుంది. 1999లో మళ్లీ వడగాలులు వచ్చినప్పుడు నగరపాలక సిబ్బంది, పోలీసులు ఒంటరి వృద్ధుల ఇళ్లకు వెళ్లి చూసివచ్చారు. చల్లటి గదులున్న కేంద్రాలకు ఉచితంగా బస్సులు నడిపారు. ఈసారి మరణాలు 110 దగ్గర ఆగాయి. ఆ నాలుగేళ్లలో వృద్ధుల మనసులేమీ మారిపోలేదు, వారికి కొత్త స్నేహాలేమీ పుట్టుకురాలేదు. మారింది నగరం చేసిన ఏర్పాటు. ఒంటరితనాన్ని మనిషి స్వభావంలో వెతకడం మాని అతని చుట్టూ ఉన్న ఏర్పాట్లలో వెతకాలన్న వాదానికి ఇంతకన్న గట్టి ఆధారం అక్కర్లేదు. ఇది తెలుగువారికి దూరపు కథ కాదు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి సుమారు రెండు వేలమంది చనిపోయారు. ఎండలో పనిచేసే కూలీల తర్వాత ఎక్కువగా పోయింది వృద్ధులే. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ వేసవి ప్రణాళికలు తయారుచేసుకున్నాయి. చలివేంద్రాలు, పనివేళల మార్పు, హెచ్చరికలు వాటిలో ఉన్నాయి. చలివేంద్రం దాకా నడవలేని మనిషి దగ్గరికి ఎవరు వెళ్లాలన్నది వాటిలో ఇంకా బలంగా చేరవలసిన అంశం.

భారతదేశం సంగతికి వస్తే, 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా ప్రజలతో 2017–18లో జరిగిన జాతీయ వృద్ధాప్య అధ్యయనం ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెట్టింది. 60 ఏళ్లు దాటినవారిలో ఒక్కరే నివసించేవారు ఆరు శాతం దగ్గరే ఉన్నారు. కాని ఆ అధ్యయనంలో గడచిన వారంలో మూడు రోజులో అంతకు మించో ఒంటరిగా అనిపించిందన్నవారు సుమారు 13 శాతం. ఒకటి రెండు రోజులు అనిపించిందన్నవారు ఇంకో 20 శాతం. అంటే ఒంటరితనం అనుభవించేవారిలో అత్యధికులు మనుషులున్న ఇళ్లలోనే ఉన్నారు. కొడుకు, కోడలు పనికి, పిల్లలు బడికి పోయాక పొద్దుట ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా టీవీతో గడిపే పెద్దవారు జనాభా లెక్కల్లో కుటుంబంతో ఉన్నట్టే నమోదవుతారు. ఇక వినికిడి తగ్గినవారి సంగతి మరీ దయనీయం. ఇంటినిండా జనం ఉన్నా మాట చెవిన పడదు. రెండుసార్లు అడిగితే విసుక్కుంటారని అడగడమే మానేస్తారు. మతిమరుపు వ్యాధులపై లాన్సెట్ కమిషన్ 2024లో ప్రకటించిన 14 నివారించదగ్గ కారణాల్లో వినికిడి లోపం, ఏకాకితనం రెండూ ఉన్నాయి. మొదటిది రెండోదానికి దారి తీస్తుంది కూడా.

ఒంటరితనం సంపన్న దేశాల సమస్య, నగరాల సమస్య, విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రుల సమస్య అన్న అభిప్రాయం తెలుగునాట బలంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు దీనికి ఎదురు చెబుతున్నాయి: అల్పాదాయ దేశాల్లో 24 శాతం మంది ఒంటరితనం అనుభవిస్తుండగా, అధికాదాయ దేశాల్లో అందులో సగమే. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట ముంబైకీ బెంగళూరుకూ కుటుంబాలు తరలిపోయినప్పుడు ఊళ్లో మిగిలేది ముసలివారు, వారి మీద వదిలిన పసిపిల్లలు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్ వెళ్లిన భర్త రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తే, అటు కార్మికుల క్యాంపులో అతనికీ ఇటు అత్తవారింట ఆమెకూ తోడు ఫోనే. అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010–2017 మధ్య 86 శాతం పెరిగింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ఊళ్లలో తాళం వేసిన మేడలూ, తాళం వేయని మేడల్లో ఇద్దరే మిగిలిన దంపతులూ దానికి మరో ముఖం. మనవల్ని చూసుకోవడానికి ఆరునెలల వీసా మీద వెళ్లిన అమ్మమ్మ, నాయనమ్మ, కారు నడపడం రాక, నడిచిపోయే దూరంలో దుకాణమైనా లేని పేటలో ఎండ చూస్తూ కూర్చోవడం ఇంకో రకం. డబ్బున్న ఇంటి దుఃఖం సినిమాలకూ కథలకూ ఎక్కినంతగా పాలమూరు తండాలోని దుఃఖం ఎక్కలేదు. దానివల్ల సమస్య కొలత తప్పింది.

పాతకాలంలో ఇవేవీ లేవన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. వీధి అరుగులు, రచ్చబండ, నీళ్ల రేవు, పెళ్లికి పదిరోజుల ముందే దిగే బంధువులు, ఇవన్నీ మనుషుల్ని కలిపిన ఏర్పాట్లే. అయితే రచ్చబండ మీద కూర్చునే హక్కు ఊళ్లో అందరికీ లేదు. మాలపల్లె, మాదిగపల్లె ఊరి బయటే ఉన్నాయి. స్త్రీలకు రచ్చబండ దారి తప్పించి నడవవలసిన చోటు. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింట వంటగదికి పరిమితమైన ఆడపిల్లల ఒంటరితనాన్ని ఏ సర్వే నమోదు చేయలేదు. కోల్పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం అనే ఆలోచనకంటే, అందరికీ చోటున్న కొత్త ఏర్పాట్లు కల్పించుకోవడం అనే ఆలోచన న్యాయమైనది.

యువత సంగతి ఇంకా ఆలస్యంగా గుర్తింపుకు వచ్చింది. 13 నుంచి 29 ఏళ్ల వారిలో 17 నుంచి 21 శాతం ఒంటరితనం అనుభవిస్తున్నారని, కౌమారంలో ఇది ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెబుతోంది. పదో తరగతి అయీ కాగానే ఇల్లు వదిలి, ఇంటర్మీడియట్ హాస్టల్ గదిలో తనలాంటి వందలమంది మధ్య ఉండే పిల్లవాడికి మనుషుల కొరత లేదు. పక్క మంచం మీది పిల్లవాడు ర్యాంకులో పోటీదారు. ఫోన్ వారానికి కొన్ని నిమిషాలు. ఆటకు వేళ లేదు. మార్కులను బట్టి సెక్షన్లు మారుతుంటే కుదిరిన స్నేహం కూడా తెగిపోతుంది. వైస్ చెప్పిన రెండు రకాల ఒంటరితనమూ ఒకే గదిలో కలిసే చోటు ఇది. ఇక్కడ కౌన్సెలర్‌ను నియమించడం అవసరమే గాని, రోజులో ఒక గంట ఆట, ఏడాది పొడుగునా మారని సెక్షన్ అంతకంటే ముందు రావాలి.

ప్రభుత్వాలు ఈ బాధ్యత తీసుకోవడం ఇటీవలి పరిణామం. బ్రిటన్ పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ ఒంటరితనంపై పని మొదలుపెట్టి, 2016 జూన్‌లో హత్యకు గురైంది. ఆమె పేరిట ఏర్పడిన కమిషన్ సిఫారసు మేరకు 2018 జనవరిలో ట్రేసీ క్రౌచ్‌కు ఒంటరితనం అంశాన్ని చూసే మంత్రి బాధ్యత అప్పగించారు. అదే ఏడాది అక్టోబరులో జాతీయ విధానం వచ్చింది. జపాన్ 2021 ఫిబ్రవరిలో ఇలాంటి మంత్రిని నియమించి, 2024 ఏప్రిల్ నుంచి ప్రత్యేక చట్టాన్ని అమలు చేస్తోంది. అక్కడ 2024లో ఇంట్లో ఒంటరిగా చనిపోయినవారు 76,020 మంది అని పోలీసు శాఖ లెక్క తేల్చింది. వారిలో దాదాపు 58 వేలమంది 65 ఏళ్లు దాటినవారు. అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి 2023 మేలో ప్రత్యేక హెచ్చరిక పత్రం విడుదల చేశాడు. కర్ణాటక మూలాలున్న ఆయనే తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్‌కు సహాధ్యక్షుడయ్యాడు.

పదవులు, పత్రాలు సరే, పనికొచ్చేది ఏమిటన్నదానికి ఆధారాలు ఇంకా పలుచగానే ఉన్నాయి. కసియప్పో బృందం 2011లో అప్పటివరకు జరిగిన ప్రయత్నాలన్నిటినీ తూచి చూసింది. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టడం, మాట్లాడే నేర్పు మప్పడం వంటివాటికంటే, ఎదుటివారు తనను తిరస్కరిస్తారన్న ముందస్తు భయాన్ని తగ్గించే సంభాషణ చికిత్స ఎక్కువ ఫలితమిచ్చింది. బ్రిటన్‌లో వైద్యులు మాత్రలతోపాటు తోటపని బృందానికో, పాటల బృందానికో, వడ్రంగి పని చేసుకునే చోటికో రోగిని సిఫారసు చేస్తున్నారు. చిరునామా రాసివ్వడంతో సరిపెట్టకుండా, మొదటి రెండు మూడుసార్లు వెంట వెళ్లే కార్యకర్తను నియమించడం ఆ పద్ధతిలోని అసలు బలం. సిగ్గుతో, భయంతో ముడుచుకుపోయిన మనిషి ఒంటరిగా ఆ గడప దాటలేడు.

పేద దేశానికి దగ్గరి ఉదాహరణ జింబాబ్వేది. రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడి రోగి, ఒక యువతి, ఆత్మహత్య చేసుకుంది. ఆస్పత్రికి రావడానికి పదిహేను డాలర్ల బస్సు చార్జీ లేక ఆమె ఆగిపోయిందని ఆయనకు తర్వాత తెలిసింది. రోగులు ఆస్పత్రికి రాలేనప్పుడు సేవే వారి పేటకు వెళ్లాలని నిర్ణయించి, 2006లో ఎంబారే అనే పేదల పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. వారు అప్పటికే ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే సామాజిక కార్యకర్తలు. కేంద్రం ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బెంచీ; దాని మీద అవ్వ, పక్కన బాధలో ఉన్న మనిషి. వ్యాధుల పేర్లు ఎత్తకుండా, ఊరివారు వాడే మాటలతోనే, ఉన్న కష్టాల్లో ముందు ఒకదాన్ని ఎంచుకుని దానికి దారి వెతకడం ఆ సంభాషణ తీరు. తర్వాత అదే పేట స్త్రీలు గుంపుగా కూర్చుని సంచులు అల్లుకుంటూ మాట్లాడుకునే బృందాలు ఏర్పడ్డాయి. 24 కేంద్రాల్లో 573 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరునెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు బెంచీ సేవ పొందినవారిలో 14 శాతానికి మిగిలితే, మామూలు వైద్యం పొందినవారిలో 50 శాతానికి మిగిలాయి. అది కుంగుబాటుపై జరిగిన పరీక్షే గాని ఒంటరితనంపై జరిగింది కాదు. అయినా ఒకరు తీరిగ్గా వినడం, తర్వాత ఒక గుంపులో కలపడం అనే రెండు మెట్లు వైస్ చెప్పిన రెండు లోటులకూ సరిగ్గా సరిపోతాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి కావలసిన మనుషులు కొత్తగా పుట్టుకురానక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు, వారి స్థానంలో 2024 జూలై నుంచి సచివాలయ సిబ్బంది నెలనెలా పింఛన్ సొమ్మును ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ప్రభుత్వం తరఫున ఒక మనిషి లక్షల మంది వృద్ధుల, వితంతువుల గడప తొక్కే ఏర్పాటు ఇది. బ్రిటన్‌కు కూడా ఇంత విస్తారమైనది లేదు. వేలిముద్ర వేయించి నోట్లు చేతిలో పెట్టి ముందుకు సాగిపోయే ఆ రాకలో, ఆర్నెల్లకొకసారి మొదట చెప్పిన కొలమానంలోని మూడు ప్రశ్నలు అడిగే వ్యవధి ఉంటే ఎవరికి తోడు కావాలో ఊరివారీగా తేలుతుంది. ఒక్క రోజులో పంపిణీ పూర్తికావాలన్న తొందర ఉన్నంతకాలం అది సాధ్యం కాదు. పింఛన్ ఇంటికి రాని తెలంగాణలో ఆశా కార్యకర్త ఆ పని చేయవచ్చు, ఆమెకు దానికి తగిన పారితోషికం ఇస్తే. వినే అవ్వలు, పెద్దమ్మలు డ్వాక్రా సంఘాల్లో కావలసినంతమంది ఉన్నారు. పొదుపు లెక్కల కోసం కలిసే ఆ సమావేశాలు పల్లె స్త్రీలకు ఇల్లు దాటి నలుగురిలో కూర్చునే చోటు కూడా అయ్యాయి. అప్పు తీరి, వయసు మీరి సంఘం నుంచి తప్పుకున్న స్త్రీకి ఆ చోటు పోతోంది. పురుషులకు అలాంటిది మొదట్నుంచీ లేదు.

పెద్దల సహాయవాణి 14567 మూలాలు కూడా ఇక్కడివే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాద్‌లో ప్రారంభించిన సేవ 2021లో దేశమంతటికీ విస్తరించింది. వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, చేతికర్రలు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైంది. శిబిరంలో ఇచ్చిన వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోతే మార్చేవారు, చెవికి సరిగా అమర్చేవారు మండలంలో లేకపోతే అది సొరుగులో చేరుతుంది; శబ్దం గోలగా ఉందని మొదటి వారంలోనే తీసేసేవారు ఎందరో. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఖర్చు లెక్కలతోనే సాగే ఆ చర్చలో, పెద్దవయసు స్త్రీ కూతురి ఊరికీ చెల్లెలి ఇంటికీ జాతరకూ వెళ్లగలగడం అనే ఆరోగ్య ఫలితాన్నీ కలపాలి. షికాగోలో ఎక్కువ ప్రమాదంలో పడింది వృద్ధ పురుషులే; ఇక్కడి వృద్ధ పురుషులకు ఆ సదుపాయం లేదు. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే రాష్ట్రాలివి. ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరి, పఠన మందిరంలో ఫ్యాను, మరుగుదొడ్డి, మెట్లు లేని దారి ఉంటే, పొద్దుట పేపర్ చదవడానికి వచ్చే పెద్దమనుషులకు అది నలుగురు కలిసే చోటు అవుతుంది.

ఈ పనులన్నిటికీ ఫలితం కొలిచే పద్ధతి ముందే నిర్ణయించుకోవాలి. మూడు ప్రశ్నల మార్కులు ఆరునెలల తర్వాత తగ్గాయా, ఆరోగ్య కేంద్రానికి అదే ఫిర్యాదుతో వచ్చే సార్లు తగ్గాయా, వేసవి మరణాల్లో ఒక్కరే ఉన్నవారి పాలు తగ్గిందా అన్నవి చూడదగ్గ గుర్తులు. మార్కులు తగ్గనివారిలో కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి వారిని మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమ వైద్యుడికి అప్పగించాలి. తోడు వద్దన్నవారిని వదిలేయాలి. ఏకాంతం కోరుకునే హక్కు వృద్ధాప్యంలోనూ ఉంటుంది. ఇలా తయారయ్యే జాబితా వల్ల ప్రమాదమూ ఉంది. ఏ ఇంట్లో ముసలి మనిషి ఒక్కరే ఉంటారో, ఎవరి కోసం ఎవరూ రారో తెలిపే కాగితం దొంగలకూ, ఆస్తి రాయించుకోవాలని చూసే బంధువులకూ, ఫోన్లో మోసం చేసేవారికీ దారి చూపుతుంది. అందుకని దాన్ని ఆ ఊరి ఏఎన్ఎం, వైద్యాధికారి దాటి ఎవరికీ అందనివ్వకూడదు. పథకాల లబ్ధిదారుల పేర్లు అంటించే సచివాలయం బోర్డు మీద దానికి చోటు ఉండకూడదు.